చాందినీకి దాహమైతేనే నీళ్లు

ఇస్లామిక్ ధర్మశాస్త్రం ఆర్థికాభివృద్ధికి అడ్డమా, ఆసరానా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే ముందుగా రోడ్డున పడేది నేనే. ఆ ప్రశ్న మీద మా సంస్థ బతుకుతోంది, సంస్థ మీద నేను బతుకుతున్నాను. అందుకని పుష్కరకాలంగా నేనూ, నా తోటి పరిశోధకులూ ఎంతో జాగ్రత్తగా పనిచేస్తూ వచ్చాం. ఇంతవరకూ జవాబు దరిదాపులకు కూడా పోలేదు.

సంస్థ హైదరాబాదులో ఉంది. దాని పేరు పూర్తిగా రాస్తే కథకు చోటు మిగలదు కనుక సంస్థ అని మాత్రం అంటాను. అందులో రెండు విభాగాలున్నాయి. మొదటి అంతస్తులో ఉన్నది అవరోధ విభాగం. షరియత్ వల్ల అభివృద్ధి ఎలా ఆగిపోయిందో నిరూపించడం దాని పని. రెండో అంతస్తులో ఉన్నది ఆధార విభాగం. అదే షరియత్ వల్ల అభివృద్ధి ఎలా పరుగెత్తిందో నిరూపించడం దాని పని. కింది అంతస్తుకు ఒక దేశం నుంచి నిధులు వస్తాయి, పై అంతస్తుకు ఇంకో దేశం నుంచి వస్తాయి. మధ్యాహ్నం మాత్రం అందరం ఒకే క్యాంటీన్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. సిద్ధాంత విభేదాలు మెట్ల మీద తప్ప పప్పు దగ్గర ఎప్పుడూ రాలేదు.

నాది అవరోధ విభాగం. నా పేరు డాక్టర్ పఠాన్ మీరావలి, మాది వినుకొండ పక్క. వక్ఫ్ మీద డాక్టరేటు చేశాను. వక్ఫ్ అంటే ఎవరైనా తమ ఆస్తిని దేవుడి పేరిట, శాశ్వతంగా, ఒక మంచి పనికి రాసిచ్చేయడం. ఇక దాన్ని అమ్మడానికి లేదు, పంచుకోవడానికి లేదు. ఇచ్చినవాళ్లు ఏ పనికని షరతు పెడితే ఆ పనికే వాడాలి. ఆ షరతు మారదు గనుకే కాలం మారినా ఆస్తులు కదల్లేదనీ, అందువల్లే అభివృద్ధి ఆగిపోయిందనీ నా సిద్ధాంతం. చాలా లావు పుస్తకం. మా ఇంట్లో కుట్టుమిషను ఊగకుండా నిలబడిందంటే దాని చలవే.

చిక్కల్లా ఏమిటంటే, ఆ మారని షరతును నేను పుస్తకాల్లో చదవడమే తప్ప కళ్లతో ఎక్కడా చూడలేదు. ఇన్నాళ్లూ ఎవరూ చూపించమని అడగలేదు కూడా. ఆ చలికాలం చివర్లో మా డైరెక్టరు, ప్రొఫెసర్ జహంగీర్ బేగ్ గారు, నన్ను పిలిచి నిధులిచ్చే దేశాల ప్రతినిధులు వేసవిలో వస్తున్నారనీ, వాళ్లు కాగితాలతో విసిగిపోయారనీ చెప్పారు. ఆయన మామూలు మాటలు మాట్లాడరు. నీళ్లు కావాలన్నా ద్రవ పదార్థ లభ్యతను పరిశీలించమంటారు.

"మీరావలి గారూ, అవరోధమనేది ఒక అమూల్యమైన సంస్థాగత వనరు," అన్నారాయన. "పుస్తకంలో ఉన్న అవరోధం వేరు, ప్రాణంతో ఉన్న అవరోధం వేరు. మనకు సజీవ అవరోధం అత్యవసరంగా కావాలి. క్షేత్రస్థాయిలో అన్వేషించండి. దొరకలేదన్న సమాచారం మాత్రం నాకు పంపవద్దు."

ప్రశ్నావళి కట్ట ఒకటి సంచిలో పెట్టుకుని నేను బయలుదేరాను.

కర్నూలు దాటి లోపలికి పోతే నల్లమెట్ట అనే పట్టణం ఉంది. అక్కడి సరాయి వీధిలో ఓ పాత బావి, దాని పక్కన రాతి తొట్టి, తొట్టి మీద వరసగా కుళాయిలు ఉన్నాయి. వెనకటి రోజుల్లో అమతుల్ బేగం అనే ఆవిడ తవ్వించి వక్ఫ్ చేసిన బావి అది. బావి బాగోగులు చూడడానికి పక్కనే నాలుగు అంగళ్లు కూడా రాసిచ్చింది. ఆ అంగళ్ల బాడుగతోనే తర్వాతి రోజుల్లో మోటారు పెట్టారు, కుళాయిలు బిగించారు. బేగం ఆ తొట్టి ఎవరికోసం కట్టించిందో వీధిలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ వాళ్లకు పడలేదు. తెల్లవారుతూనే మోటారు వేసేవాళ్లు, వీధి వీధంతా బిందెలు నింపుకునేది. నల్లమెట్టలో పురపాలక సంఘం నీళ్లు ఎండాకాలంలో ఎప్పుడొస్తాయో ఆ సంఘానికే తెలియదు. అలాంటి ఊళ్లో సరాయి వీధి మాత్రం నీళ్లకు ఎన్నడూ కొట్లాడుకోలేదు.

నేను తొట్టి గట్టు మీద కూర్చుని ప్రశ్నావళి తీశాను. నాకు మొదట చిక్కింది జైతూన్ బీ. వీధి మొదట్లో ఉగ్గాని బండి నడుపుతుంది. భర్త పోయినప్పటి నుంచి ఆ బండే ఆమెకు ఆధారం. నేను ఉర్దూలో మొదలుపెట్టాను. నా ఉర్దూ విని జాలిపడి ఆమే తెలుగులోకి దిగింది. ఇంటి వివరాలు, చదువు, ఆదాయం అన్నీ చక్కగా చెప్పింది. తర్వాత పదకొండో ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న తయారుచేసింది నేనే. దాని గురించి నాకు లోపల్లోపల కాస్త గర్వం ఉండేది.

"ఈ సదుపాయాన్ని మీరు ఏ నిబంధన ప్రకారం వినియోగించుకుంటున్నారు?" అని చదివాను.

ఆమె నన్నూ, కుళాయినీ, చేతిలోని బిందెనూ ఓసారి చూసుకుంది. "బిందెతో పట్టుకుంటాండా సార్," అంది.

తెలియదు అన్న గడిలో టిక్కు పెట్టుకున్నాను. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ సరిగ్గా అప్పుడే వక్ఫ్ కమిటీ కార్యదర్శి ఖుద్దూస్ సాబ్ అటుగా వచ్చారు. ఆయన కరెంటాఫీసులో లెక్కల విభాగంలో పనిచేసి విరమించిన మనిషి. నిబంధన అన్న మాట చెవిన పడితే నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటారు. ఏ నిబంధన, ఎవరు పెట్టారు, ఎక్కడుంది అని నన్ను ఆరా తీశారు. వక్ఫ్ పత్రంలో ఉంటుందని నేనే సాయం చేశాను. పత్రం బీరువాలోంచి బయటికి తీశారు. పాత ఉర్దూ ఆయనకు కొరుకుడు పడలేదు. మాట్లాడడం రాకపోయినా పాత పత్రాలు చదవడం నా వృత్తి కనుక నేనే చదివిపెట్టాను. ఈ బావి, ఈ తొట్టి బాటసారుల గుర్రాల దాహం తీర్చడానికి అని ఉంది. బాటసారుల ప్రస్తావన గుర్రాల వరకే ఉంది. సరాయి వీధి ఆడవాళ్ల ఊసే లేదు.

ఖుద్దూస్ సాబ్ ముఖం పాలిపోయింది. "ఇన్నేండ్లు ఎవరూ అడగలేదు కాబట్టి జరిగిపాయ," అన్నారు. "మీరు లిఖితపూర్వకంగా అడిగినారు. ఇంక నేను తెలియనట్లు ఉండేదానికి వీల్లేదు."

సాయంత్రానికి మోటారు గదికి తాళం పడింది. తాళం మీద లక్క ముద్ర కూడా వేశారు.

అబద్ధమెందుకు, నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. నా సిద్ధాంతం కళ్లెదుట తాళమై వేలాడుతోంది. ఏళ్ల తరబడి పుస్తకాల్లో వెతికినది ఒక్క ప్రశ్నతో తయారైంది. తయారైంది అన్న మాట అప్పుడు తట్టలేదు, దొరికింది అనే అనుకున్నాను. డైరెక్టరు గారికి ఫోను చేశాను. ఆయన నన్ను రెండుసార్లు అభినందించారు. ఆ అవరోధానికి ఎలాంటి హానీ కలగకుండా ప్రతినిధులు వచ్చేదాకా సంరక్షించమని ఆదేశించి, నన్ను నల్లమెట్టలోనే ఉండమన్నారు.

నేను వీధి చివర ఓ గది తీసుకున్నాను. రోజూ పొద్దున తొట్టి దగ్గరికి వచ్చి తాళం క్షేమంగా ఉందో లేదో చూసుకునేవాణ్ని. తొట్టికి ఆనుకునే చిన్న మదరసా ఉంది. దాన్ని నడిపే ఇనాయతుల్లా హజరత్ అనే పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉండేవారు. సలాం చెప్పి, పని ఎట్ల సాగుతాండాది బేటా అని అడిగేవారు. బాగా సాగుతోందనేవాణ్ని. దేవుడు బర్కత్ ఇవ్వాలని దీవించేవారు. ఆయన్ని ప్రశ్నావళిలో చేర్చుకుందామనుకున్నాను కానీ, మతపెద్దల కోటా హైదరాబాదులోనే నిండిపోయింది. పరిశోధనకు ఒక పద్ధతంటూ ఉంటుంది కదా.

ఎండలు ముదిరాయి. వీధి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు వెంట పరుగులు తీయడం మొదలైంది. జైతూన్ బీ బండి దగ్గర నా ఉపాహారం కూడా ఆగిపోయింది. ఉగ్గాని చేయాలంటే బొరుగులు నీళ్లలో నానబెట్టి పిండాలి, శెనగపిండి కలపాలి, గిన్నెలు కడగాలి. జైతూన్ బీ రెండు రోజులు బండి పెడితే మూడు రోజులు పెట్టలేకపోయేది. ఓ పొద్దున నా గది దగ్గరికే వచ్చింది.

"సార్, ఇట్లయితే నేను బండి మూసేయాల," అంది. "గుంటూరు పక్కకు మిరపకాయలు కోసేదానికి జనాలను తోలుకపోతాండాడు మేస్త్రీ. నన్ను గూడా రమ్మన్యాడు. నాకు మోకాళ్లు పట్టేసినాయి, వంగేదానికి కాదు. పోతే నేను తిరిగి వస్తానో రానో. మీరే కదా ఆ పదకొండోది రాసుకుంటిరి, మీరే కొట్టేయండి."

సేకరించిన సమాచారాన్ని కొట్టేయడం పరిశోధనా నీతికి విరుద్ధమని చెప్పాను. నా నీతి అంటే నాకు అప్పట్లో చాలా గౌరవం. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఉగ్గాని లేక సయించలేదని సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ మోకాళ్లు నా కళ్లముందు నుంచి పోలేదు.

అందుకే ఓ ఉపాయం ఆలోచించాను. షరతు మారదు, సరే. షరతు నెరవేరితే అభ్యంతరం ఉండదు కదా. నల్లమెట్టలో పెళ్లి ఊరేగింపులకు బాడుగకిచ్చే తెల్ల గుర్రం ఒకటుంది. పేరు చాందినీ. దాని యజమాని జిలానీ బ్యాండు మేళం నడుపుతాడు. చాందినీకి వయసు మీద పడింది. వరుడు ఎక్కితే కళ్లు మూసుకుని నడుస్తుంది, బ్యాండు ఆగితే తనూ ఆగిపోతుంది. దాన్ని తొట్టి దగ్గరికి తెస్తే మోటారు వేయవచ్చా అని కమిటీని అడిగాను. కమిటీ పొద్దంతా చర్చించి, గుర్రం తాగుతున్నంతసేపు వేయవచ్చనీ, గుర్రం తాగగా మిగిలింది పరిశుద్ధమే కనుక ఎవరైనా పట్టుకోవచ్చనీ తీర్మానించింది. ఖుద్దూస్ సాబ్ లక్క ముద్ర విప్పి, గుర్రం ఎదుట తాళం తీశారు.

మర్నాటి నుంచి తెల్లవారితే చాందినీ ముందు, బిందెలు వెనక. అది తొట్టిలో మూతి పెట్టగానే మోటారు మోగేది, మూతి తీయగానే ఆగిపోయేది. ముసలి గుర్రం ఎంతని తాగుతుంది. వీధి ఆడవాళ్లు ఉప్పు శనగలు తెచ్చి పెట్టేవాళ్లు. తర్వాత జైతూన్ బీ ఒకరోజు మిరపకాయ బజ్జీ పెట్టి చూసింది. చాందినీకి అది బ్రహ్మాండంగా నచ్చింది. రెండు బజ్జీలు తిని తొట్టి వదిలితే ఒట్టు. వీధి మొత్తం బిందెలు నిండాయి, జైతూన్ బీ బండి మళ్లీ నిలబడింది, నాకు ఉగ్గాని దొరికింది. ఓ వారం పాటు సరాయి వీధిలో అందరూ ఒకరినొకరు గుర్రం ఎట్లుంది అని పలకరించుకున్నారు. నేనూ కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాను.

వారం తిరిగేసరికి ఖుద్దూస్ సాబ్‌కు సందేహం వచ్చింది. పత్రంలో ఉన్నది గుర్రాలు కాదు, బాటసారుల గుర్రాలు. చాందినీ ఈ ఊరి గుర్రం, ఏ బాటసారిదీ కాదు. దీని మీద ప్రామాణికమైన గ్రంథమేదైనా ఉందా అని ఆయన నన్నడిగారు. ఉంది అని నేను నా పుస్తకమే ఇచ్చాను. నా మీద నాకు అదుపు ఉండదు. షరియత్‌లో బాటసారి అంటే ఊరు విడిచి సుమారు నలభై ఎనిమిది మైళ్లు ప్రయాణం పెట్టుకున్నవాడని అందులో నేనే వివరంగా రాశాను. ప్రయాణంలో మనిషి నమాజు కుదించుకోవడం గురించి చెప్పిన ఆ లెక్కను గుర్రం దాహానికి అంటగట్టవచ్చునా అన్న అనుమానం నాకుగానీ కమిటీకిగానీ రాలేదు. కమిటీ దాన్ని ఆమోదించింది. మళ్లీ తాళం పడింది.

చాందినీని లారీ ఎక్కించి నలభై ఎనిమిది మైళ్లు తీసుకుపోయి వెనక్కి తెచ్చారు. అది దిగి తొట్టి వైపు నడుస్తుండగా ఖుద్దూస్ సాబ్ చెయ్యి అడ్డం పెట్టారు. నా పుస్తకంలోనే తర్వాతి పేజీలో, సొంతూరి పొలిమేరలో అడుగు పెట్టగానే బాటసారితనం రద్దవుతుందని ఉందట. నేనే రాశానని నాకు గుర్తు లేదు. రాశాను.

అయితే వేరే ఊరి గుర్రం రావాలి. అలా పుట్టింది అశ్వ వినిమయ పథకం. తగినంత దూరంలో ఉన్న ఇంకో పట్టణంలో బ్యాండు మేళం వాళ్లను పట్టుకుని, వాళ్ల గుర్రాన్ని ఇక్కడికీ చాందినీని అక్కడికీ తిప్పే ఏర్పాటు చేశాం. లారీ, గడ్డి, డ్రైవరు, దారిలో గుర్రం తాగడానికి ఒక నీళ్ల ట్యాంకరు కూడా. ఆ ట్యాంకరు సరాయి వీధి ఆడవాళ్ల ముందునుంచే వెళ్లేది. అది బాటలో వాడే నీళ్లు కనుక ఊళ్లో దించకూడదన్నారు. వచ్చిన గుర్రం ఒకచోట పదిహేను రోజులు ఉండాలనే ఉద్దేశం పెట్టుకుంటే స్థానికురాలైపోతుంది కాబట్టి, దాని ఉద్దేశమేమిటో తెలుపుతూ ధ్రువీకరణ కావాలని కమిటీ కోరింది. జిలానీ తలగోక్కుని, గుర్రం తరఫున తనే వేలిముద్ర వేశాడు. ఆ గుర్రానికి మిరపకాయ బజ్జీ నచ్చలేదు. నాలుగు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది. వీధికి దక్కింది నాలుగు గుక్కల నీళ్లే.

ఈ సంగతులన్నీ ఎప్పటికప్పుడు హైదరాబాదుకు రాస్తూనే ఉన్నాను. చదివి డైరెక్టరు గారు స్వయంగా కారులో వచ్చారు. లారీని, గడ్డివాములను, డ్రైవర్లను, పశువైద్యుణ్ని చూసి ఆయన కళ్లు మెరిశాయి. షరియత్‌లోని ఒక్క షరతు ఇన్ని ఉపాధి అవకాశాలను సృష్టించిందంటే ఇది ఆధార విభాగానికి చెందవలసిన విజయమన్నారు. అట్లాగని అవరోధాన్ని వదులుకోలేం. కాబట్టి రెండు విభాగాల బాధ్యతా నాకే అప్పగించారు. ఆ వారం నేను రెండు నివేదికలు రాశాను. సరాయి వీధిలో షరియత్ వల్ల అభివృద్ధి స్తంభించిందని ఒకటి, అదే వీధిలో అదే షరియత్ వల్ల అభివృద్ధి ఉరకలెత్తిందని రెండోది. రెండూ ఒకే రోజున ఆమోదం పొందాయి. రెండోదాన్ని ఖండిస్తూ మొదటి విభాగం పక్షాన ఓ వ్యాసం, దానికి జవాబుగా రెండో విభాగం పక్షాన ఓ వ్యాసం కూడా నేనే రాశాను. జవాబులో కాస్త దురుసుగా మాట్లాడానని తర్వాత నాకు బాధ కలిగింది.

ఇదంతా జరుగుతుండగా జైతూన్ బీ బండి మూతపడింది. పెనం, గిన్నెలు చెల్లెలింట్లో పెట్టింది. మేస్త్రీకి మాటిచ్చేసింది.

ప్రతినిధుల సదస్సు నల్లమెట్టలోనే, ఓ ఫంక్షన్ హాల్లో పెట్టారు. వేదిక మీద ఒక్కొక్కరి ముందూ చల్లని నీళ్ల సీసాలు వరసగా నిలబెట్టారు. ఒక దేశం వాళ్లు ఎడమవైపు, ఇంకో దేశం వాళ్లు కుడివైపు కూర్చున్నారు. మధ్యలో జైతూన్ బీని కూర్చోబెట్టారు. ఆమె మొదటి విభాగం లెక్కలో బాధితురాలు, రెండో విభాగం లెక్కలో లబ్ధిదారు. రెండు బ్యాడ్జీలూ ఆమె కొంగుకే పెట్టారు. పెట్టింది నేనే. సభ అయిపోగానే మేస్త్రీ ఆటో ఎక్కాలి కాబట్టి ఆమె తన బట్టల మూట కూడా వేదిక మీదికే తెచ్చుకుంది. మూట తీసేయమని డైరెక్టరు గారు సైగ చేశారు. ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

డైరెక్టరు గారు చాలాసేపు మాట్లాడారు. నేను ముందు అవరోధం పక్షాన, తర్వాత లేచి నిలబడి ఆధారం పక్షాన మాట్లాడాను. ముగింపులో ప్రార్థనగా దువా చదవడానికి ఇనాయతుల్లా హజరత్‌ను పిలిచారు. ఆయన్ని పిలిచింది దానికే. హజరత్ మెల్లగా మైకు దగ్గరికి వచ్చారు, చేతులెత్తబోయి ఆగారు. ముందున్న నీళ్ల సీసాను చూశారు. జైతూన్ బీ ఒళ్లోని మూటను చూశారు.

"యాడికి పోతాండావమ్మా?" అని అడిగారు.

"మిరప కోతలకు హజరత్. ఈడ నీళ్లు లేవు."

"బావిలో నీళ్లుండాయి కదా. పరిశోధన అయిపోలేదా ఇంకా?"

"పరిశోధన కాదు హజరత్. ఈ పొద్దు గుర్రం రాలేదు."

హజరత్ అర్థం కాక మా వైపు తిరిగారు. గుర్రానికీ నీళ్లకూ సంబంధమేమిటో చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. పత్రం, షరతు, చాందినీ, బాటసారితనం, లారీ, వేలిముద్ర, అన్నీ వరసగా చెప్పాను. హైదరాబాదులో చెప్పినప్పుడు ఎంతో పకడ్బందీగా వినిపించిన విషయమది. ఆయన ఎదుట చెబుతుంటే ఒక్కో మాటా నోట్లోంచి రావడానికి సిగ్గుపడింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

"రోజూ నీకు సలాం చెప్తాంటి కదా బేటా," అన్నారు హజరత్ చివరికి. "ఒక్క మాట నన్ను అడగకూడదా? తాళం ఎందుకని ఖుద్దూస్‌ను అడిగితే పరిశోధన జరుగుతాండాది అన్యాడు. అది అయిపోతే తీస్తారులే అనుకున్యా, గుర్రం దప్పికై వస్తాందిలే అనుకున్యా. బేగం సాహెబా ఆ దినం గుర్రాల దప్పిక చూసి పెట్టింది. గుర్రాలుంటే వాటికే ఇయ్యాల, షరతు షరతే. అవి లేకుండా పోతే, ఆ పనికి దగ్గరగా ఉండే పనికి ఇయ్యాల. ఇది నేను కనిపెట్టింది కాదు, మన పెద్దలు ఎప్పుడో రాసిపెట్టినారు. గుర్రం దప్పికకు దగ్గరగా ఉండేది మనిషి దప్పిక కాకుంటే ఇంకేముంటాది?"

అది నాకు తెలియని విషయం కాదు. నా పుస్తకంలో పేజీ అడుగున అధోజ్ఞాపికగా ఉంది. నా సిద్ధాంతానికి అడ్డం వస్తుందని చిన్న అక్షరాల్లోకి దింపాను.

ఖుద్దూస్ సాబ్ లేచి నిలబడ్డారు. "అంతా బాగానే ఉంది హజరత్. రేపు ఎవరన్నా అడిగితే బాధ్యత ఎవరిది?"

"నాది. పాపముంటే నా మెడకు చుట్టండి."

ఖుద్దూస్ సాబ్ ముఖంలో కొన్ని వారాలుగా బిగుసుకుని ఉన్నదేదో సడలిపోయింది. పాపం, ఆయన ఇన్నాళ్లూ వెతికింది నిబంధన కోసం కాదు, ఒక మెడ కోసం. జేబులోంచి తాళంచెవి తీశారు. అది మొదటి రోజు నుంచీ ఆయన జేబులోనే ఉంది.

డైరెక్టరు గారు ఆందోళనగా లేచి, అవరోధ విసర్జన ప్రక్రియకు తగిన విధివిధానాలు రూపొందే వరకు ఆగవలసిందిగా కోరారు. అప్పటికే హాలు సగం ఖాళీ అయింది. ఆడవాళ్లు బిందెల కోసం ఇళ్లకు పరుగెత్తారు. మోటారు చప్పుడు ఫంక్షన్ హాలు దాకా వినిపించింది. రెండు దేశాల ప్రతినిధులూ తొట్టి దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుని చప్పట్లు కొట్టారు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. హజరత్ దువా అక్కడే, తొట్టి పక్కనే నిలబడి చదివారు. జైతూన్ బీ మేస్త్రీ ఆటోను వెళ్లిపొమ్మని చేయి ఊపింది. నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు ఉగ్గాని బండి మళ్లీ వీధి మొదట్లో నిలబడింది. జిలానీ చాందినీని అలవాటు కొద్దీ తోలుకొచ్చాడు. ఆడవాళ్లు పక్కకు జరిగి దానికి ముందు దారి ఇచ్చారు. బేగం మాట పోకూడదట. అది తాగి, బండి దగ్గరికి పోయి బజ్జీ కోసం నిలబడింది.

నేను సంచి సర్దుకుని బస్సుకు ముందు బండి దగ్గరికి వెళ్లాను. జైతూన్ బీ విస్తరాకులో ఉగ్గాని, రెండు బజ్జీలు పెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. ఇంక యాడికి సార్ అని అడిగింది. డైరెక్టరు గారు అప్పటికే ఉత్తర్వు పంపారు. ఒక సజీవ అవరోధాన్ని నా అజాగ్రత్త వల్ల కోల్పోయామనీ, తక్షణం ఇంకొకటి సమకూర్చుకోవాలనీ అందులో రాశారు. నంద్యాల పక్కన ఓ ఊళ్లో పాత అన్నసత్రం ఉంది. పల్లకీలు మోసే బోయీలకు అన్నం పెట్టమని ఎవరో నవాబు వక్ఫ్ చేశాడు. బోయీలు ఇప్పుడెవరూ లేరు. పక్కనే ఉన్న ఆసుపత్రికి రోగులను తీసుకొచ్చిన పేదవాళ్లు అక్కడ తింటున్నారని విన్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను.

"ఇప్పుడు తింటాండారా సార్?"

"తింటున్నారు ఆపా."

ఆమె నూనెలో బజ్జీ తిప్పడం ఆపింది. "అయితే మీరు పోవద్దు సార్," అంది.

 నీళ్లు తాగి చెంబు ఆమెకిచ్చాను. సంచిలోంచి ప్రశ్నావళి కట్ట తీసి బండి మీద పెట్టాను. ఆమె ఒక కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, మందంగా ఉండాది, పొట్లాలకు బాగుంటాది అంది. నంద్యాల బస్సు వచ్చి ఆగింది, కండక్టరు నా వైపు చూశాడు, బస్సు వెళ్లిపోయింది. నేను ఇంకో రెండు బజ్జీలు పెట్టమన్నాను.